పాత కారులో పెట్రోలు వాసన: చుక్క పడేది ఒకచోట, చిల్లు ఉండేది ఇంకోచోట

పాత కారు యజమానులు షెడ్డుకు తెచ్చే ఫిర్యాదుల్లో ‘పెట్రోలు వాసన వస్తోంది’ అన్నంత పట్టుదొరకనిది ఇంకోటి లేదు. బ్రేకు పట్టకపోయినా, సెల్ఫ్ తిరగకపోయినా ఏ వైపు చూడాలో మెకానిక్‌కి తెలుసు. వాసన మాత్రం టంకీ మూత దగ్గర మొదలై ఇంజన్ దాకా ఉన్న దారిలో ఎక్కడి నుంచైనా రావచ్చు. కారిన పెట్రోలు పైపు వెంబడి జారి, ఏదో ఒక అంచున ఆగి, అసలు చిల్లుకు రెండడుగుల దూరంలో చుక్కగా పడుతుంది. ఎండాకాలమైతే నేల తాకీ తాకకముందే ఆరిపోతుంది. అందుకే చాలాసార్లు బాగుచేసే పని అరగంటది, కనిపెట్టే పని అరపూటది. ఆ అరపూట ఓపిక లేక కనబడిన సామానల్లా మార్చేసేవాళ్లు డబ్బు పోగొట్టుకుంటారు, వాసన మాత్రం ఉండిపోతుంది. పుండొకచోట, మందొకచోట అన్నమాట.

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఉన్న కాలనీల్లో ఈ సమస్య ఎందుకు ఎక్కువగా ఎదురవుతుంది, పెట్రోలు ఎక్కడెక్కడ కారుతుంది, కనిపెట్టే పద్ధతుల్లో ఏది ఎంతవరకు పనికొస్తుంది, ఇథనాల్ మీద నడుస్తున్న వాదనలో నిజమెంత, ఏ మరమ్మతు నిలుస్తుంది, ఏది నిలవదు అన్న ప్రశ్నలను ఒక్కచోట పెట్టి చూద్దాం.

పాత కార్లు ఎందుకు మిగిలాయి

మలక్‌పేట రవాణా కార్యాలయం ఇచ్చిన ‘ఏపీ 11’ ప్లేట్లు కొత్తపేట, చైతన్యపురి, సరూర్‌నగర్, వనస్థలిపురం సందుల్లో ఇంకా కనిపిస్తాయి. 2014లో ‘టీఎస్’, 2024లో ‘టీజీ’ వచ్చినా ఆ బండ్లు పోలేదు. 1983 డిసెంబరులో పుట్టిన మారుతి 800 అమ్మకాలను భారత్ స్టేజ్-4 కాలుష్య నిబంధనల కారణంగా 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్‌తో కలిపి 13 నగరాల్లో ఆపేశారు. తయారీ 2014 జనవరిలో ఆగింది. అంటే నగరంలో తిరుగుతున్న మారుతి 800లలో చాలావాటికి పదిహేనేళ్లు నిండాయి. 1993లో వచ్చిన జెన్, 1998లో వచ్చిన శాంత్రో, ఇండికాల తొలి బండ్లు ఇంకా పెద్దవి.

వీటిని ఉంచుకునేవాళ్ల లెక్క వాళ్లకుంది. ఆఫీసుకు మెట్రో ఉంది. అమీర్‌పేట–ఎల్బీనగర్ మార్గం 2018 సెప్టెంబరులో మొదలైంది. కారు కావాల్సింది ఆదివారం గుడికో, పెళ్లికో, సంక్రాంతికి చౌటుప్పల్ మీదుగా సూర్యాపేట వైపు సొంతూరికో. ఏడాదికి మూడు నాలుగు వేల కిలోమీటర్లు తిరగని బండిని అమ్మితే వచ్చేది తక్కువ, కొత్తది కొనాలంటే అయ్యేది ఎక్కువ. రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెరిగినా, 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేసినా చాలామంది కట్టి ఉంచుకుంటున్నారు.

ఈ తక్కువ వాడకమే లీకులకు ఒక కారణం. రోజూ తిరిగే కారులో రబ్బరు పైపు లోపలి నుంచి తడిగా ఉంటుంది. వారాల తరబడి సెల్లార్‌లో నిలబడ్డ కారులో పైపు పైభాగం ఎండుతుంది, బిరుసెక్కుతుంది, పగుళ్లిస్తుంది. పండగ ముందు ఫుల్ ట్యాంకు కొట్టించి బయల్దేరితే వనస్థలిపురం దాటేలోపే వెనక సీటువాళ్లకు వాసన తగులుతుంది.

పెట్రోలు నడిచే దారి

పాత కార్లను ఈ విషయంలో మూడు రకాలుగా చూడాలి. మొదటిది కార్బొరేటర్ బండ్లు. తొలి మారుతి 800, ఓమ్నీ, పాత జెన్ ఇందులోకి వస్తాయి. ఇంజన్‌కు బిగించిన పంపు డయాఫ్రం కదలికతో టంకీలోంచి పెట్రోలును పీల్చి కార్బొరేటర్‌కు పంపుతుంది. పీల్చేది పంపు కాబట్టి ఇంజన్ నడుస్తున్నంతసేపూ టంకీ నుంచి పంపు దాకా పైపులో పీడనం తక్కువ. అక్కడ పగులుంటే పెట్రోలు బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. బండి ఎత్తు ఎక్కేటప్పుడు దమ్ము చాలక తడబడుతుంది తప్ప కింద చుక్క ఉండదు. ఇంజన్ ఆపి నిలబెట్టాక, టంకీలో మట్టం ఎక్కువగా ఉంటే అప్పుడు చుక్క మొదలవుతుంది. పంపు దాటాక ఒత్తిడి ఉంటుంది గనుక అక్కడి లీకు ఇంజన్ నడుస్తుండగానే బయటపడుతుంది.

రెండోది ఎంపీఎఫ్‌ఐ బండ్లు, అంటే కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు అందేవి. వీటిలో పంపు టంకీలోనే ఉంటుంది. టంకీ నుంచి ఇంజెక్టర్ దాకా దారంతా సుమారు మూడు బార్ల ఒత్తిడిలో ఉంటుంది. టైరులో మనం కొట్టించే గాలి కంటే అది ఎక్కువ. ఇంజన్ ఆపినా ఆ ఒత్తిడి కొంతసేపు నిలిచే ఉంటుంది. ఇక్కడ లీకయితే చుక్కగా కాదు, సన్నటి చిమ్ములా వస్తుంది, వేడి ఇంజన్ మీద పడుతుంది. కాబట్టి కార్బొరేటర్ బండి మీద చేయి తిరిగిన పనివాడు అదే ధైర్యంతో ఎంపీఎఫ్‌ఐ పైపు ఊడదీయకూడదు. ముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజన్ తనంతట తాను ఆగేదాకా నడిపి, ఒత్తిడి దించాలి.

మూడోది డీజిల్. ఇండికా లాంటి పాత డీజిల్ బండ్లలో ఇంజెక్టర్ల మీదుగా పోయే సన్నటి రిటర్న్ గొట్టాలు ముందుగా చెమరుస్తాయి. డీజిల్ త్వరగా ఆరదు, దుమ్ము పట్టి నల్లటి జిడ్డవుతుంది కాబట్టి చోటు పట్టుకోవడం సులువు. పొద్దున్నే స్టార్ట్ కాక మొరాయించడం, ఒకసారి అందుకున్నాక బాగానే నడవడం కనిపిస్తే పీల్చే వైపు గాలి చొరబడుతోందని అనుమానించాలి. కామన్ రైల్ డీజిల్ ఇంజన్ అయితే నడుస్తుండగా చేత్తో తడిమి చూడటం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. అక్కడి ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది, సూదిమొనంత చిమ్ము చర్మంలోకి దూసుకుపోతుంది.

కంపెనీలు చూపించిన మూడు చోట్లు

లీకులు ఎక్కడ వస్తాయన్నదానికి గట్టి ఆధారం కంపెనీల రీకాల్‌లలోనే దొరుకుతుంది. 2010 ఫిబ్రవరిలో మారుతి సుజుకీ లక్ష ఏ-స్టార్ కార్లను వెనక్కి పిలిచింది. టంకీలోని పంపును బిగించే చోట ఉన్న గాస్కెట్ మార్చడానికి. 2014 ఏప్రిల్‌లో అదే కంపెనీ 1,03,311 స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగాలను పిలిచింది. పెట్రోలు పోసే గొంతు భాగంలో లోపముందని, ఆటో కట్ అయ్యాక కూడా నింపితే వాసన రావచ్చని, అరుదుగా కారవచ్చని చెప్పింది. 2019 ఆగస్టులో 40,618 వ్యాగన్ఆర్‌లను పిలిచింది. ఇంధన గొట్టం లోహపు క్లాంపుకు రాసుకునే అవకాశం ఉందని.

గాస్కెట్, గొంతు, గొట్టం మీది క్లాంపు. మూడూ రెండు వేర్వేరు వస్తువులు కలిసే చోట్లే. ఇనుముకు రబ్బరు, రబ్బరుకు ప్లాస్టిక్ అతికేచోట వేడికి ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ సాగుతాయి, కుదుపుకు ఒకదానికొకటి రాసుకుంటాయి. కొత్త బండ్లలోనే ఇలా జరిగితే ఇరవై ఏళ్ల కారులో వెతుకులాట అతుకుల దగ్గరే మొదలుపెట్టాలి. టంకీ రేకుకు చిల్లుపడటం లేకపోలేదు గానీ, అది జాబితాలో చివరిది. జనం మాత్రం ‘టంకీ పోయింది’ అనే మొదలుపెడతారు.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ, లోపమున్న బండ్లను తప్పనిసరిగా వెనక్కి పిలిపించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. 2021లో వచ్చిన నిబంధనలు దాన్ని ఏడేళ్ల లోపు వాహనాలకు పరిమితం చేశాయి. పాత కారుకు ఆ గొడుగు లేదు. దాని బాగోగులు చూడాల్సింది యజమాని, అతని మెకానిక్.

ముందు ఎప్పుడు, తర్వాత ఎక్కడ

అనుభవమున్న మెకానిక్ బానెట్ ఎత్తకముందే ప్రశ్నలు వేస్తాడు. సాగర్ రింగురోడ్డు వైపు షెడ్లలో ఆ మాటలు ఇలా నడుస్తాయి:

“ఫుల్ కొట్టిచ్చినంకనే వస్తదా సార్, ఎప్పటికీ వస్తదా?”

“నిండుగ ఉన్నప్పుడే. సగానికొస్తె ఉండది.”

“అయితే ఇంజన్ దిక్కు చూసుడు వేస్టు. వెనక టైరు ఇప్పుదాం.”

ఆ ఒక్క జవాబుతో సగం కారు పక్కకు పోయింది. నిండినప్పుడే వాసన వస్తే, లీకు పెట్రోలు మట్టం చేరే పైచోట్లలో ఉన్నట్టు. మూత వాషరు, పోసే గొంతును టంకీకి కలిపే లావాటి రబ్బరు గొట్టం, గాలి పోయే సన్న గొట్టం, టంకీ నెత్తిన, మట్టాన్ని మీటరు ముల్లుకు అందించే సెండర్ గాస్కెట్. టైరు విప్పి, బురద తుడిచి, ఆ లావు గొట్టాన్ని రెండు వేళ్లతో వంచితే సంగతి తేలుతుంది. మామూలుగా చూస్తే నున్నగా ఉన్న రబ్బరు, వంచగానే పైఅంచున అడ్డంగా నోళ్లు తెరుస్తుంది. గోరు గుచ్చితే దిగదు, పెళుసుగా ముక్క లేస్తుంది. క్లిప్పు వదులు చేసి లాగితే క్లిప్పు కింది భాగం ఇంకా మెత్తగా ఉండి, దాన్ని ఆనుకుని ఎండ, దుమ్ము తగిలే భాగం గట్టిపడి కనిపిస్తుంది. గొట్టం పగిలేది ఆ సరిహద్దులోనే.

మిగతా జవాబులు కూడా ఇలాగే దారి చూపిస్తాయి. ఇంజన్ నడుస్తున్నప్పుడే వాసన వస్తే పంపు తర్వాతి భాగం, కార్బొరేటర్ పొంగడం, ఎంపీఎఫ్‌ఐలో ఇంజెక్టర్ రింగులు. ఆపిన పది నిమిషాలకు వస్తే వేడికి కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు మరగడం. రాత్రంతా నిలబెట్టాక పొద్దున్న వస్తే టంకీ నుంచి వచ్చే పైపులు. మలుపు తిరిగినప్పుడు, సెల్లార్ ర్యాంపు ఎక్కినప్పుడు వస్తే టంకీ పైభాగం. ఎక్కడా చుక్క లేకుండా వాసన వస్తూ, ఇంజన్ ఆయిల్ మట్టం పెరుగుతుంటే పాత రకం పంపు డయాఫ్రం చిరిగి పెట్రోలు ఆయిల్‌లో కలుస్తోందని అర్థం. డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే తెలిసిపోతుంది. ఆ స్థితిలో బండి నడిపితే ఆయిల్ పలచబడి బేరింగులు పోతాయి.

లీకు కాని లీకు కూడా ఒకటుంది. పెట్రోలు పది డిగ్రీల వేడికి ఇంచుమించు ఒక శాతం వ్యాకోచిస్తుంది. బంకులో భూమిలోపలి ట్యాంకు చల్లగా ఉంటుంది. మే నెలలో 28 లీటర్ల టంకీని మూతిదాకా నింపి ఎండలో నిలబెడితే, పదిహేను డిగ్రీలు వేడెక్కేసరికి సుమారు 400 మిల్లీలీటర్లకు చోటు చాలదు. అది ఎక్కడో ఒకచోట నుంచి బయటికి రావాల్సిందే. ఆటో కట్ అయ్యాక ‘రౌండ్ ఫిగర్ చెయ్యి తమ్ముడూ’ అనే అలవాటు మానుకుంటే కొన్ని వాసనలు షెడ్డుకు వెళ్లకుండానే పోతాయి.

వెతికే పద్ధతులు, వాటి హద్దులు

అన్నింటికన్నా పాతది, ఇప్పటికీ పనికొచ్చేది కాగితం పద్ధతి. బండి కింద శుభ్రంగా కడిగి, ఆరనిచ్చి, రాత్రి పాత అట్టపెట్టెలు పరిచి, పొద్దున్న మరక ఎక్కడుందో చూడాలి. ఏసీ నుంచి పడే నీళ్ల మరక వాసన లేకుండా ఆరిపోతుంది. పెట్రోలు పదేపదే ఆరినచోట గోధుమరంగు జిగురు పొర మిగులుతుంది. దీని హద్దు ఏమిటంటే మరక చుక్క పడిన చోటును చూపిస్తుంది, చిల్లును కాదు. మరక పైనుంచి పైపు వెంబడి పైకి, ముందుకు, తడి మొదలైన చోటుదాకా వెళ్లాలి. నడిచే బండిలో గాలి పెట్రోలును వెనక్కి నెడుతుంది కాబట్టి అసలు చోటు సాధారణంగా మరకకు ముందే ఉంటుంది.

రెండోది పొడి పద్ధతి. అనుమానమున్న అతుకు మీద ముగ్గుపిండో, చాక్ పొడో పలచగా చల్లితే తడి చేరిన గీత ముదురు రంగులో తేలుతుంది. వెల్డింగ్ అతుకులను కిరోసిన్, సుద్దతో పరీక్షించే పారిశ్రామిక పద్ధతిలోనూ ఉన్నది ఇదే సూత్రం. టంకీ అతుకులు, సెండర్ అంచులు చూడటానికి ఇది చక్కగా పనిచేస్తుంది. కార్బొరేటర్ దగ్గర మాత్రం వాడకూడదు, పొడి లోపలికి పోతుంది.

మూడోది గేజీతో పరీక్ష. ఎంపీఎఫ్‌ఐ బండిలో ఒత్తిడి ఎంతకు ఎక్కుతోంది, ఆపాక ఎంతసేపు నిలుస్తోంది అని చూస్తారు. ఒత్తిడి పడిపోతుంటే అది బయటికే కారనక్కర్లేదు. ఇంజెక్టర్ లోపలికి కారుతుండవచ్చు, పంపులోని వాల్వు వదిలేస్తుండవచ్చు. అందుకే గేజీ ఒక్కదాన్నే నమ్మి పైపులన్నీ మార్చిన సందర్భాలున్నాయి. పెద్ద వర్క్‌షాపుల్లో పలచటి పొగను తక్కువ ఒత్తిడితో ఎక్కించి ఎక్కడ బయటికొస్తుందో చూసే యంత్రం ఉంటుంది. ఆవిరి గొట్టాలు, ఆ ఆవిరిని పట్టి ఉంచే చార్‌కోల్ డబ్బా దగ్గరి లీకులను పట్టడంలో దానికి సాటి లేదు. సందులోని షెడ్డులో అది దొరకదు.

ఏ పద్ధతయినా ఒక షరతు మారదు. ముందు తుడవాలి. జిడ్డు మీద జిడ్డు పేరుకున్న ఇంజన్ మీద కొత్త తడి ఎవరికీ కనబడదు.

ఇథనాల్ మీద వాదన

గత రెండు మూడేళ్లుగా పాత కారులో ఏది పాడైనా పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ మీదికి నెట్టడం మామూలయింది. కలపడం కొత్త కాదు. 2003లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో కలిపి తొమ్మిది రాష్ట్రాల్లో 5 శాతంతో మొదలైంది. 2022 జూన్‌కు దేశమంతటా 10 శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరి 6న 20 శాతం మిశ్రమం బంకుల్లోకి వచ్చింది, 2025కల్లా అదే మామూలు పెట్రోలయింది. మిశ్రమం లేని పెట్రోలు కూడా అందుబాటులో ఉంచాలంటూ వేసిన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టేసింది.

రబ్బరు విషయంలో రసాయనశాస్త్రం స్పష్టంగానే ఉంది. పాత గొట్టాల్లో వాడిన నైట్రైల్ రబ్బరును ఇథనాల్ ఉబ్బిస్తుంది, అందులోని మెత్తదనాన్నిచ్చే పదార్థాలను కరిగించి లాక్కుంటుంది. ఆరాక రబ్బరు ముడుచుకుని బిరుసవుతుంది. కార్క్ గాస్కెట్లదీ అదే దారి. ఇథనాల్ గాలిలో తేమను లాగుతుంది, నీరు టంకీ అడుగుకు చేరి రేకును లోపలి నుంచి తింటుంది. ఏళ్లుగా టంకీ గోడలకు పట్టిన జిగురునూ కరిగిస్తుంది. ఆ చెత్త వచ్చి కార్బొరేటర్ నీడిల్‌లో ఇరుక్కుంటే పెట్రోలు పొంగి పొర్లుతుంది.

ప్రభుత్వం దీన్ని పూర్తిగా కాదనలేదు. కొన్ని పాత బండ్లలో 20,000 నుంచి 30,000 కిలోమీటర్లు తిరిగాక కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చాల్సి రావచ్చని, ఖర్చు తక్కువేనని పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో చెప్పింది. ఈ లెక్కలోనే ఒక చిక్కుంది. రబ్బరు కిలోమీటర్లు లెక్కపెట్టదు. కారు నిలబడ్డా గొట్టం అడుగున పెట్రోలు ఉంటూనే ఉంటుంది. ఏడాదికి మూడువేల కిలోమీటర్లు తిరిగే కారు ఇరవైవేలు దాటడానికి దాదాపు ఏడేళ్లు పడుతుంది. అన్నేళ్లు ఆ గొట్టం ఆగదు. కిలోమీటర్లతో కాక ఏళ్లతో చెప్పి ఉంటే పాత కారు యజమానికి ఆ సలహా ఉపయోగపడేది.

అవతలి పక్షం వాదనలోనూ అతి ఉంది. 2005లో బిగించిన నైట్రైల్ గొట్టం 2025లో పగిలితే అందులో ఇథనాల్ వాటా కొంతే, వయసు వాటా ఎక్కువ. ఇథనాల్ లేకపోయినా అది పగిలేదే. ఇథనాల్ గడువును ముందుకు జరిపింది, అంతే. బంకు మార్చడంతో, సీసాల్లో అమ్మే మందులు కలపడంతో పగిలిన రబ్బరు అతుక్కోదు. ఇథనాల్‌కు తట్టుకునే గొట్టం వేయడమే దారి.

వాన, ఎలుక, స్పీడ్‌బ్రేకర్

స్థానికంగా ఇంకొన్ని కారణాలున్నాయి. 2020 అక్టోబరు వరదల్లో సరూర్‌నగర్, కోదండరాంనగర్, చైతన్యపురి ప్రాంతాల్లో కార్లు రోజుల తరబడి నీళ్లలో నిలబడ్డాయి. ఇంజన్ ఆయిల్ మార్చి, సీట్లు ఆరబెట్టి నడిపినవాళ్లలో టంకీ దింపి కడిగించినవాళ్లు తక్కువ. లోపల మిగిలిన నీరు, టంకీ పట్టీల కింద ఇరుక్కున్న బురద ఏళ్ల తర్వాత తుప్పు చిల్లులుగా బయటపడతాయి. పాత కారు కొనేటప్పుడు ఆ ఏడాది బండి ఎక్కడుందని అడగడం ఈ వైపు మామూలు జాగ్రత్త కావాలి.

సెల్లార్లలో ఎలుకలు, పందికొక్కులు వైర్లతో పాటు ఇంధన గొట్టాలనూ కొరుకుతాయి. కొరికిన గాటు అంచులు రెండు పళ్ల గీతలతో ఉంటాయి, వయసు పగులు జాలీలా ఉంటుంది. తేడా చూడటం అవసరం, ఎందుకంటే ఎలుక కొరికిన చోట కొత్త గొట్టం వేసి వదిలేస్తే వారంలో మళ్లీ కొరుకుతుంది. కేరళలో ఇథనాల్ వాసనకు వచ్చే చిన్న పెంకు పురుగులు గొట్టాలకు సన్నటి రంధ్రాలు పెడుతున్నాయన్న ఫిర్యాదులూ వచ్చాయి.

ఇక కాలనీ స్పీడ్‌బ్రేకర్లు. నలుగురితో నిండిన పాత కారు అడుగు తగిలినప్పుడల్లా కింద పోయే ఇనుప పైపు పట్టీలు వంగుతాయి. పట్టీ ఊడిన పైపు అదురుతూ ఏదో ఒక అంచుకు రాసుకుంటుంది. తుప్పు లేకుండానే అక్కడ చిల్లు పడుతుంది.

నిలిచే మరమ్మతు, నిలవని మరమ్మతు

దారిలో టంకీ అడుగున చిల్లు పడితే బట్టల సబ్బు మెత్తగా నలిపి రుద్దడం డ్రైవర్లందరికీ తెలిసిన ఉపాయం. సబ్బు పెట్రోలులో కరగదు, కాబట్టి ఇల్లు చేరేదాకా ఆగుతుంది. ఎంసీల్ కూడా అంతే. తుప్పును గరుకు కాగితంతో రుద్ది, పూర్తిగా ఆరబెట్టి పెడితే కొన్నాళ్లు నిలుస్తుంది. తడి మీద పెడితే పొరలా ఊడివస్తుంది. ఇవి గమ్యం చేరడానికి పనికొచ్చేవి. వీటితో ఏడాది గడిపేవాళ్లున్నారు, వాళ్లు అదృష్టం మీద నడుపుతున్నారు.

టంకీకి టంకం పెట్టడం, గ్యాస్ వెల్డింగ్ చేయడం రేడియేటర్ పనివాళ్లు తరతరాలుగా చేస్తున్న పని. ఇక్కడ తెలియాల్సింది ఒకటే. ఖాళీ టంకీ నిండు టంకీ కంటే ప్రమాదకరం. పెట్రోలు ద్రవంగా మండదు, దాని ఆవిరి గాలిలో 1.4 నుంచి 7.6 శాతం మధ్య కలిసినప్పుడు అంటుకుంటుంది. ఒంపేసిన టంకీలో ఆ మిశ్రమం సరిగ్గా కుదురుతుంది. వేడినీళ్లు, డిటర్జెంట్‌తో పలుమార్లు కడిగి, అతుకు పెట్టే చోటు వరకు నీళ్లు నింపి, మూత తెరిచి పనిచేసేవాడికే ఇవ్వాలి. తుప్పు ఒకచోట చిల్లు పెట్టిందంటే చుట్టుపక్కల రేకు కూడా కాగితంలా పలచబడి ఉంటుంది. అలాంటి దానికి రెండో అతుకు కంటే వేరే టంకీ నయం.

గొట్టాల విషయంలో తప్పులు మూడు. ఒకటి, నీళ్లకో గాలికో వాడే మామూలు రబ్బరు పైపు వేయడం. ఇంధన గొట్టం మీద ప్రమాణం అచ్చయి ఉంటుంది. ఎస్‌ఏఈ 30ఆర్7 అని ఉంటే కార్బొరేటర్ ఒత్తిడికి సరిపోతుంది. 30ఆర్9 లోపల ఫ్లోరో రబ్బరు పొరతో వస్తుంది, ఎంపీఎఫ్‌ఐకి, ఇథనాల్‌కి తట్టుకుంటుంది. పుత్లీబౌలీ, రాణిగంజ్ వంటి మార్కెట్లలో కొనేటప్పుడు మందం చూసి కాక ఆ అచ్చు చదివి కొనాలి. రెండు, బైండింగ్ తీగ చుట్టడం, లేదా పళ్ల క్లిప్పును బలంకొద్దీ బిగించడం. పళ్లు రబ్బరులోకి దిగి కొత్త చిల్లు చేస్తాయి. అంచులు మడిచిన నున్నటి క్లిప్పులు ఉంటాయి, అవే వాడాలి. మూడు, సెండర్ గాస్కెట్‌కు మామూలు సిలికాన్ పేస్టు పూయడం. పెట్రోలు తగిలితే అది ఉబ్బి, ముక్కలై ఫిల్టర్‌లోకి పోతుంది. గాస్కెట్ పోతే గాస్కెట్టే మార్చాలి.

అన్నిటికీ మించి, పగిలిన ఒక్క గొట్టాన్నే మార్చడం నిలవని మరమ్మతు. ఒకే రోజు ఫ్యాక్టరీలో బిగించిన గొట్టాలన్నిటి వయసూ ఒకటే. ఒకటి పగిలిందంటే మిగతావి వరుసలో ఉన్నాయి. టంకీ దింపిన రోజే గొంతు గొట్టం, సప్లై, రిటర్న్, ఆవిరి గొట్టాలు, సెండర్ గాస్కెట్, ఫిల్టర్ అన్నీ మార్పించడం పనిలో పని. సామాను ఖర్చు కొంత పెరుగుతుంది, టంకీ దింపే కూలి మాత్రం ఒక్కసారే పడుతుంది.

సెల్లార్‌లో కారు

పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. అపార్ట్‌మెంటు సెల్లార్‌లో అది పైకి పోదు, నేలబారుగా పాకి లిఫ్టు గుంత, డ్రైనేజీ, మోటారు స్విచ్చు ఉన్న మూల చేరుతుంది. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో తొమ్మిది మంది ప్రాణాలు తీసిన అపార్ట్‌మెంటు అగ్నిప్రమాదానికి, కింది అంతస్తులో కారు బాగుచేస్తుండగా పడిన నిప్పురవ్వలే కారణమని అప్పట్లో అధికారులు చెప్పారు. మంటను అంత పెద్దది చేసింది అక్కడ నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు. మనుషులు పైన నిద్రపోయేచోట కింద ఇంధనం పని పెట్టుకోకూడదన్నది ఆ ఘటన చెప్పిన పాఠం.

సెల్లార్‌లో కారు కింద తడి కనబడితే చేయాల్సింది వరసగా ఇది. స్టార్ట్ చేయకూడదు. లైటు స్విచ్చులు వేయడం, ఆపడం రెండూ వద్దు. వాచ్‌మన్‌కు, పక్కవాళ్లకు చెప్పి, గేరు న్యూట్రల్‌లో పెట్టి బండిని ఆరుబయటికి తోయాలి. బ్యాటరీ తీగ ఊడదీయడం బయటికి వచ్చాకే, ఊడదీసేటప్పుడు వచ్చే రవ్వ చాలు. నేల మీద ఇసుక చల్లాలి, నీళ్లు కొడితే పెట్రోలు తేలి ఇంకా దూరం పాకుతుంది. ర్యాంపు ఎక్కించే వీలు లేనంత కారుతుంటే దూరం జరిగి 101కో 112కో ఫోన్ చేయాలి. ఏబీసీ పొడి సిలిండర్ కారులో ఒకటి ఉండటం మంచిది.

ఎవరు చూడాలి

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందిగా అనే ధీమా ఇక్కడ పనికిరాదు. బంకు దగ్గరి వ్యాన్‌లో కొలిచేది సైలెన్సర్ నుంచి వచ్చే పొగను. టంకీ నుంచి ఆవిరయ్యే పెట్రోలు ఆ లెక్కలోకే రాదు. సెకనుకో చుక్క చొప్పున కారితే రోజుకు సుమారు రెండు లీటర్లు, రెండు వందల రూపాయలకు పైనే. అయినా ఆ బండి పరీక్ష పాసవుతుంది. రిజిస్ట్రేషన్ పొడిగింపుకు తీసుకెళ్లినప్పుడు కింద పిట్‌లోంచి గొట్టాలు చూడటం తప్పనిసరి చేస్తే పదివేల రుసుముకు ఒక అర్థముంటుంది.

అది వచ్చేదాకా లెక్క యజమాని చేతిలోనే ఉంది. పదేళ్లు దాటిన పెట్రోలు కారులో రబ్బరు గొట్టాలు ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే, మార్చలేదనే అనుకోవాలి. వాసన వచ్చేదాకా ఆగకుండా ఎండాకాలం ముందు ఒకసారి అన్నీ మార్పించి, తేదీ రాసిపెట్టుకుని, ఐదేళ్లకోసారి మళ్లీ విప్పి చూపించుకుంటే చాలు. వాసన వచ్చాక అయితే ఎక్కడ అని అడిగే ముందు ఎప్పుడు అని అడిగే మెకానిక్‌ను వెతుక్కోవాలి. చేతిలో పానా పట్టుకునే ముందు గుడ్డ పట్టుకుని తుడిచేవాడు దొరికితే, అతని కూలి రెండింతలైనా గిట్టుబాటే.